ఇంకో మూరెడు

జూన్ 9, సోమవారం

మళ్ళీ పైకెక్కాను.

కింద సేఫ్టీ సారు ఆపి, "నిద్ర పడుతోందా అమ్మా? చేతులు వణకడం, కళ్ళు తిరగడం ఏమైనా ఉందా?" అని అడిగాడు. రెండు చేతులూ చాపి చూపించాను. రాళ్ళలా కదలకుండా ఉన్నాయి. సరేనని పంపేశాడు. చేతుల గురించి అడిగాడు, కళ్ళ గురించి అడిగాడు. చెవుల గురించి అడగలేదు. అడిగినా బాగానే ఉన్నాయని చెప్పేదాన్ని.

క్రేను స్తంభం లోపలి నిచ్చెన ఎక్కేటప్పుడు కిందకి చూడొద్దని కొత్తవాళ్ళకి చెబుతారు. నేను చూస్తాను. అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయని తెలిస్తే నాకు నిమ్మళం. లారీలు అగ్గిపెట్టెలంత అయ్యాక ఇంక చూడటానికి ఏమీ ఉండదు, అప్పుడు దృష్టి మెట్ల మీదికి వస్తుంది. ఒక చెయ్యి పట్టు దొరికాకే రెండో చెయ్యి వదలాలి. దారిలో ఆగి ఊపిరి తీసుకోవడానికి ఇనప పలకలుంటాయి. ఒక్కోదాని మీద నిలబడి, గాలి ఎటు కొడుతోందో చూసుకుంటూ ఎక్కాను. కాళ్ళు దారి మర్చిపోలేదు.

నేను లేని రోజుల్లో నడిపినవాడు సీటు వెనక్కి జరిపేసి పోయాడు. వాడి కాళ్ళు తాటిచెట్లలా ఉంటాయి కాబోలు. అద్దం తుడుచుకోమని అన్న ఇచ్చిన పాత చొక్కా ముక్క మాత్రం అక్కడే వేలాడుతోంది. దాన్ని కదపలేదు.

అన్న గొంతు లేకుండా ఈ కేబిన్లో కూర్చోవడం ఇదే మొదలు. బిల్డింగుకి ఉత్తరం మూల నాకు కనపడదు, లిఫ్టు గోడ అడ్డం. ఆ మూల పనంటే నేను గుడ్డిదాన్ని. లోడు ఎక్కడుందో, ఎవరి నెత్తి మీదుందో వాకీటాకీలో సిగ్నల్ మనిషి చెప్పాలి. ఒకసారి చెప్పి ఊరుకోవడం కాదు, చెబుతూనే ఉండాలి. దించు, దించు, దించు. మాట వస్తున్నంతసేపే చెయ్యి కదలాలి. మాట ఆగితే చెయ్యి ఆగాలి. పనిలో చేరిన మొదటి రోజు అన్న నాకు నేర్పిన పాఠం ఇదే. ఇన్నేళ్ళూ తనే నాకు కళ్ళు.

అన్న పోయిన రోజూ అంతే. మాట ఆగింది. చెయ్యి ఆపాను. సరిగ్గా చేశావమ్మా అని అందరూ అన్నారు. సరిగ్గానే చేశాను. గాలి ఎక్కువగా ఉంది, కిటికీ మూసి ఉంది.

కొత్త సిగ్నల్ మనిషి వేరే సైటు నుంచి వచ్చాడు. వార్తలు చదివినట్టు మాట్లాడతాడు. "మేడమ్, దయచేసి కొద్దిగా దించగలరు." ఆయన దయచేసే లోపల సాయంత్రం అవుతుంది.

జూన్ 10

గాలి. హుక్కు పైకి లాగేసి ఊరికే కూర్చున్నాను. కేబిన్ ఊగుతుంటే నిద్ర వచ్చేది ఒకప్పుడు.

జూన్ 12, గురువారం

మధ్యాహ్నం ఉత్తరం మూలకి రేకులు దించుతున్నాం. వార్తలాయన, "మేడమ్, ఆపండి," అన్నాడు. ఆపాను. ఆయన మాట అయిపోగానే దాని వెనకాల సన్నగా ఇంకో మాట వచ్చింది.

దించు బుడ్డీ. దించు.

నన్ను బుడ్డీ అనే మనిషి ఈ సైటులో ఒక్కడే ఉండేవాడు. నేను బారెడు పొడుగయ్యాక కూడా ఆ పేరు మానలేదు.

పక్క సైటు మాటలు అప్పుడప్పుడు మన చానల్లో పడుతుంటాయి. ఇంకో సైటులో ఇంకో బుడ్డి ఉండకూడదని ఏముంది? ఇలాంటివి పట్టించుకుంటే క్రేను నడిపినట్టే. దయ్యాల మీద నాకు నమ్మకం లేదు. ఒకవేళ ఉన్నా, ఇంత ఎత్తు ఎక్కే ఓపిక వాటికెక్కడిది.

జూన్ 13

వాకీ మార్పించాను. స్టోరతను పాతదాన్ని అటూ ఇటూ తిప్పి, "సెట్టు బంగారంలా ఉంది కదక్కా," అన్నాడు. అయినా కొత్తది ఇచ్చాడు.

కొత్తదాంట్లో కూడా.

కిటికీ తెరిచే నడుపుతున్నాను. ఏసీ పనిచెయ్యట్లేదా అని ఇంజనీరు అడిగాడు. చేస్తోందని చెప్పాను. ఆయన నా మొహంలోకి కాసేపు చూసి వెళ్ళిపోయాడు.

జూన్ 15, ఆదివారం

ఇంట్లో వదినా నేనూ. రెండు గదుల్లో ఇద్దరం ఎదురుపడకుండా తిరగడం అలవాటు చేసుకున్నాం.

వదిన అన్న గ్లవు ఉతికి కిటికీ ఊచకి ఆరేసింది. ఎన్నోసారి ఉతకడమో. ఆ రోజు లోడు కిందకి తెచ్చినప్పుడు గొలుసులో ఇరుక్కుని ఉన్న గ్లవు అది, కుడిచేతిది. విచారణలో అంతా చెప్పారు. బెల్టు కొక్కెం ఒక చోట తీసి ఇంకో చోట తగిలించుకునే సందులో పైపుల కట్ట ఊగి అన్నకి తగిలింది. పడబోతూ గొలుసు పట్టుకున్నాడు. అంచుకి అవతల, గాల్లో, రెండు చేతులతో. వాకీ బటన్ నొక్కడానికి మూడో చెయ్యి ఎక్కడి నుంచి వస్తుంది? కింది అంతస్తు నుంచి బయటకి చాచిన ప్లాట్‌ఫారం కమ్మీ అన్న కాలికి మూరెడు దూరంలో ఉందట. పట్టు జారిపోయేదాకా ఆ మూర తగ్గలేదు.

ఇంకో మూరెడు దించి ఉంటే అని ఎవరూ అనలేదు. అనకుండానే గదిలో అందరికీ వినపడింది.

వదిన కంచం ముందు కూర్చుని హఠాత్తుగా, "ఆ కట్ట కట్టింది నేనే పిల్లా," అంది. కింద లోడ్లకి గొలుసులు కట్టే పని వదినది. "రెండు వైపులా సమంగా వేశాననే గుర్తు. వేశానో లేదో. ఒక పక్క బరువైతేనే కదా అట్లా ఊగేది."

"గాలికి ఊగింది వదినా. అందరూ అదే కదా చెప్పింది."

"అందరూ నువ్వు కూడా సరిగ్గా చేశావన్నారు. నీకు నిద్ర పడుతోందా?"

నేను కంచం తీసుకుని లేచాను. వెనక నుంచి అడిగింది, ఎప్పుడూ అడిగేదే. "ఆఖరికి ఏమన్నాడు?"

"దించు అన్నాడు. తర్వాత మాట ఆగింది."

ప్రతిసారీ ఇదే చెబుతాను. ఇందులో అబద్ధం ఏమీ లేదు.

వార్తలాయన వెళ్ళిపోతున్నాడట. ఆ సిగ్నల్ పని తనకివ్వమని వదిన సేఫ్టీ సారుని అడిగిందట. నేను వద్దన్నాను. "ఎందుకొద్దు? మీ అన్న ఇంట్లో కూడా సిగ్నలే కదా. పొయ్యి మీంచి గిన్నె దించుతుంటే పక్కన నిలబడి దించు, దించు, ఆగు అనేవాడు. ఇన్నేళ్ళు విని విని గోడలకి కూడా వచ్చేసింది ఆ పని," అంది. నవ్వింది కూడా. నవ్వు మధ్యలో ఆగిపోయింది.

జూన్ 17, మంగళవారం

వదిన మొదటి రోజు.

"దించు పిల్లా, దించు, దించు, దించు, నెమ్మదీ, దించు, ఆగు." రాగం అచ్చం అన్నదే. చివర మాట కాస్త ఎత్తి విడిచిపెట్టడం కూడా. మొగుడూ పెళ్ళాల గొంతులు కలిసిపోతాయని ఎవరో అంటే నవ్వాను ఒకసారి.

అదే అంచు, అదే మూల. బెల్టు కొక్కెం తగిలించావా అని పొద్దుట్నుంచి ఎన్నిసార్లు అడిగానో. చివరికి వాకీలో అందరూ వింటుండగా, "ఆడపడుచు అర్ధమొగుడంటారు. ఇప్పుడు సగం కాదు, మొత్తం మొగుడివి నువ్వే అయిపోయావు. తగిలించాను తల్లీ, తగిలించాను," అంది. చానల్లో ఎవరో నవ్వారు.

వదిన ఆగు అన్నాక కూడా ఇంకో గొంతు ఆగలేదు.

జూన్ 19

రాయకూడదనుకున్నాను. ఇది నేను తప్ప ఎవరూ చదవరు కాబట్టి రాస్తున్నాను.

ఆ గొంతు కోసమే ఎక్కుతున్నాను. పొద్దున నిచ్చెన మొదట్లో నిలబడినప్పుడు గుండె దడదడలాడేది భయంతో కాదు. ఈరోజు వినపడుతుందా లేదా అని. అన్న ఇంట్లో లేడు, కింద లేడు. తన బట్టల పెట్టెలో సబ్బు వాసన తప్ప ఇంకేం లేదు. ఈ కేబిన్లో మాత్రం ఉన్నాడు. నన్ను బుడ్డీ అని పిలుస్తున్నాడు. అది పక్క సైటు అయితే పక్క సైటే అవనీ, నా చెవులే పాడైతే పాడవనీ.

అన్నం డబ్బా తెరిచి, ఇంకా ఎంత దించాలి అన్నా, అని అడిగాను. కిటికీలోంచి గాలి వచ్చింది.

జూన్ 20, శుక్రవారం

వదిన బతికే ఉంది. అది ముందు రాయాలి.

ఉత్తరం మూలకి చెక్కల కట్ట దించుతున్నాం. కట్టని పక్కకి తిప్పి సరిచెయ్యడానికి వదిన దాని దగ్గరకి వెళ్ళింది. దించు, దించు, దించు. ఎక్కడో మధ్యలో వదిన ఆగు అంది. అనే ఉంటుంది. నాకు దించు అనే వినపడింది. దించు బుడ్డీ, దించు. చెయ్యి దిగుతూనే ఉంది. నా చెయ్యి నా మాట వింటుందనుకున్నాను, అది ఇంకెవరి మాటో వింటోంది.

వదిన కేక వినపడి ఆపాను. కట్ట తన కాలు ఉన్న చోట కూర్చుంది. వదిన అప్పటికే కాలు లాక్కుంది. చెప్పు మాత్రం దాని కింద ఉండిపోయింది.

"నాదే తప్పు పిల్లా. ఆగమనడం ఆలస్యం చేశాను," అంది వాకీలో, రొప్పుతూ. "మూరెడు ముందే అనాల్సింది."

నేను అవునన్నాను.

అవునన్నాను. వదిన తప్పని ఒప్పుకున్నాను. సాయంత్రం కిందకి దిగాక తన కాలు చూశాను. కొంచెం దోక్కుపోయింది, అంతే. వదిన నన్నే ఓదార్చింది. నీళ్ళిచ్చింది.

ఆ గొంతు వింటూ కూర్చుంటే వదినని చంపేస్తాను. వినకపోతే అన్న ఎక్కడా ఉండడు. ఈ రెండిట్లో ఒకటి ఎంచుకోవడం అంత కష్టమా అని ఎవరైనా అడగొచ్చు. అడగడం సులువే.

జూన్ 21

సెలవు ఇమ్మని అడుగుదామని సేఫ్టీ సారు గది దాకా వెళ్ళాను. తలుపు దగ్గర ఆగి వెనక్కి వచ్చాను. పని ఉందనుకున్నాను. ఏ పనీ లేదు.

జూన్ 23, సోమవారం

ఇది కూర్చుని మొత్తం రాయాలి.

పొద్దున ఎక్కుతున్నాను. సగం దాటాను. వాకీ ఆపేసి జేబులో ఉంది, ఇంకా ఆన్ కూడా చెయ్యలేదు. అప్పుడు వినపడింది. వాకీలోంచి కాదు. పక్క నుంచి, గాల్లోంచి, ఆ రోజు వినపడ్డట్టే.

చేతులు బిగుసుకుపోయాయి. పైకి పోవడానికి ఒక చెయ్యి వదలాలి. కిందకి రావడానికైనా వదలాలి. వదలమంటే వదలవు. వేళ్ళ వంక చూస్తూ, వదలండర్రా అని బతిమాలాను. గాలికి స్తంభం ఊగుతోంది. ఎప్పుడూ ఊగేదే, ఇప్పుడు మాత్రం నన్ను దులపడానికే ఊగుతున్నట్టుంది. ఇన్నేళ్ళలో మొదటిసారి ఎత్తు అంటే ఏమిటో తెలిసింది. ఎలాగో ఒక పలక మీదికి మోకాళ్ళతో పాక్కుంటూ చేరి, నిచ్చెన కమ్మీని కావలించుకుని కూర్చున్నాను. కింద నుంచి ఎవరెవరో పిలుస్తున్నారు. జవాబు చెప్పలేదు. అన్న కూడా ఇలాగే పట్టుకుని ఉంటాడు. అన్నకి కూర్చోవడానికి పలక లేదు.

కాసేపటికి కింద నిచ్చెన మీద చప్పుడు. తిట్లు. చప్పుడు. మళ్ళీ తిట్లు. వదిన.

శ్లాబుల మీద తిరగడమే తప్ప వదిన ఎప్పుడూ క్రేను ఎక్కలేదు. కింద సేఫ్టీ సారు అరుస్తున్నాడు, ఒక్కదానివే పోవద్దని, బెల్టు చూసుకోమని. వదిన మొహం సున్నం కొట్టినట్టుంది. పలక మీదికి వచ్చి, రెండు కొక్కేలూ తగిలించుకుని, నా పక్కన కూలబడింది. చాలాసేపు రొప్పింది.

"ఎక్కడం ఎట్లాగో తెలిసింది," అంది చివరికి. "దిగడం ఎట్లాగో నువ్వే చెప్పాలి."

నాకు నవ్వూ ఏడుపూ రెండూ రాలేదు. "నీ కట్ట సరిగ్గానే ఉంది వదినా," అన్నాను.

"ఏంటి?"

"నువ్వు కట్టిన కట్ట సమంగానే ఉంది. గాలికే ఊగింది. శుక్రవారం కూడా నీ తప్పు కాదు. నువ్వు సమయానికే ఆగమన్నావు."

వదిన నా వైపు తిరిగింది. నేను కమ్మీ వైపు చూస్తూ చెప్పాను. కిటికీ మూసే ఉంది వదినా. గాలి హోరు కూడా ఉంది. అయినా వినపడింది. వాకీలో మాట ఆగింది, నేను ఆపాను, ఆ తర్వాత బయట నుంచి వినపడింది.

"ఏం వినపడింది?"

"దించు బుడ్డీ, దించు అని. అరుస్తున్నాడు."

స్తంభం ఒకసారి ఊగి నిలబడింది. వదిన నా భుజం మీద వేసిన చెయ్యి తీసేసింది.

"విని?"

"ఆపే ఉంచాను. అరుపుకి క్రేను కదపొద్దన్నాడు వదినా. మొదటి రోజే చెప్పాడు. కింద పదిమంది పది అరుస్తారు, అరుపు విని కదిపితే మనుషులు పోతారు, నా గొంతే అయినా సరే వాకీలో వస్తేనే కదుపు అని. మళ్ళీ మళ్ళీ చెప్పించుకున్నాడు. నాకు కనపడదు కదా. కింద ఎవరున్నారో నాకు తెలీదు కదా. వాకీలో మాట రావాలని చూస్తూ కూర్చున్నాను. వస్తుందనుకున్నాను. అరుపు ఆగిపోయింది."

వదిన ఏడవలేదు. తిట్టలేదు. మొహం అవతలికి తిప్పుకుంది. తర్వాత, "దిగుదాం," అంది, నా వైపు చూడకుండా.

నేను ముందు దిగాను, తను నా పైన. ఏ మెట్టు ఎక్కడుందో వదినకి కనపడదు. నేను చెప్పాలి. "కుడికాలు దించు వదినా. ఇంకొంచెం. ఇంకొంచెం దించు. ఉంది, మెట్టు ఉంది. ఇప్పుడు చెయ్యి. ఎడమకాలు దించు. దించు." మొత్తం దారి అలా చెబుతూనే ఉన్నాను, ఒక్క క్షణం మాట ఆపలేదు. నా చేతులు ఎప్పుడు విడివడ్డాయో కూడా గమనించలేదు. నేల మీద కాలు పెట్టగానే వదిన బెల్టు విప్పి పడేసి, వెనక్కి చూడకుండా నడుచుకుంటూ పోయింది.

చెవుల సంగతి సేఫ్టీ సారుకి నేనే చెప్పాను. డాక్టరు దగ్గరకి పంపించాడు. ఆయన బాగుందనేదాకా పైకి వెళ్ళొద్దన్నాడు.

జూన్ 25

వదిన మాట్లాడటం లేదు. వండి మూత పెట్టి పోతుంది. మాట ఆగితే ఆగాలి. నేనూ ఆగాను.

జూన్ 28

గ్లవు కిటికీ దగ్గర లేదు.

జూన్ 29, ఆదివారం

డాక్టరు చాలాసేపు విన్నాడు. ఈ ఊళ్ళో అంతసేపు వినే మనిషి ఉన్నాడని తెలీదు. చెవుల్లో ఏ లోపం లేదన్నాడు. అది నాకూ తెలుసు.

జూలై 2, బుధవారం

బట్టలు మడతపెడుతుంటే వదిన గడప మీద కూర్చుంది. నా వైపు చూడకుండానే అడిగింది.

"ఎంతసేపు అరిచాడు?"

"కొంచెంసేపే."

"కొంచెం అంటే?"

"నాకింకా అయిపోలేదు వదినా."

వదిన చీర కొంగుతో మొహం తుడుచుకుంది. ఒక చొక్కా లాక్కుని తనూ మడతపెట్టడం మొదలుపెట్టింది. మడత సరిగ్గా రాలేదు, మళ్ళీ విప్పింది.

"నేనైతే దించేసేదాన్ని," అంది. "రూలూ లేదు, గీలూ లేదు. ఆయన గొంతు వినపడితే చాలు, దించేసేదాన్ని. నీ మీద కోపం అందుకే. నువ్వెందుకు దించలేదని ఇన్ని రోజులూ నీ వెనక నిలబడి నిన్ను తిడుతూనే ఉన్నాను, నీకు వినపడలేదు అంతే."

"వినపడింది."

"వినపడే ఉంటుంది. నీ చెవులకి అన్నీ వినపడతాయి." చొక్కా మళ్ళీ మడతపెట్టింది. "కానీ నేను అక్కడ కూర్చుని ఉంటే ఈపాటికి అరిచినవాడికల్లా దించి, ఏ పిల్లల తండ్రినో చంపి ఉండేదాన్ని. అది ఆయనకి తెలుసు. అందుకే పెళ్ళాన్ని కింద ఉంచి చెల్లెల్ని పైన కూర్చోబెట్టాడు. ఆయన మాట జవదాటని మనిషి ఈ లోకంలో నువ్వొక్కదానివే. నేనేనాడైనా విన్నానా?"

అప్పుడు ఏడ్చింది. నేనూ ఏడ్చాను. మడతలన్నీ పాడయ్యాయి.

జూలై 10

వదిన సేఫ్టీ సారు ప్రాణం తోడేసి కొత్త మైకు తెప్పించింది. టోపీకి తగిలించుకోవాలి, నొక్కనక్కర్లేదు, ఎప్పుడూ తెరిచే ఉంటుంది. "రెండు చేతులూ పోయినా నోరుంటుంది కదా సారూ," అందట. ఇప్పుడు సిగ్నల్ పని చేసేవాళ్ళందరికీ అదే ఇస్తున్నారు.

డాక్టరు నన్ను ఎక్కొచ్చన్నాడు. మొదట కొన్నాళ్ళు వేరే ఆపరేటరు పక్కన కూర్చోవాలి. తాటిచెట్టు కాళ్ళ మనిషే. మంచివాడు. కేబిన్లో మా నాలుగు కాళ్ళూ పట్టక అవస్థ.

జూలై 21, సోమవారం

ఒక్కదాన్నే. చేతులు బాగానే ఉన్నాయి. కిటికీ తెరిచే ఉంది.

కొత్త మైకులో వదిన ఊపిరి కూడా వినపడుతుంది. దగ్గు, గొణుగుడు, ఎవరినో విసుక్కోవడం, అన్నీ. ఆగు అనేముందు చిన్నగా ఊపిరి పీలుస్తుంది. ఆ పీల్పు వినపడగానే నా చెయ్యి ఆగుతోంది.

ఇంకో గొంతూ ఉంది. ముందంత గట్టిగా లేదు. అది ఎప్పుడూ ఆగు అనదు, దించు అనే అంటుంది. ఆగమనే మాట వదినది. అది ఒక్కటి పట్టుకుని కూర్చున్నాను. లోడు లేని సమయంలో మాత్రం దాన్ని కూడా వింటున్నాను. బాధగా ఉంటుంది. ఆ బాధ లేకపోతే ఎలా అని కూడా అనిపిస్తుంది.

జూలై 24, గురువారం

పని పై అంతస్తులకి వెళ్ళిపోయింది. ఉత్తరం మూల ప్లాట్‌ఫారం రేపు విప్పేస్తారు.

సాయంత్రం అందరూ దిగుతున్నారు. నేనూ దిగబోతూ ఉండగా వదిన పిలిచింది.

"హుక్కు ఖాళీగా ఉందా?"

"ఖాళీయే."

"సారుని అడిగాను. ఒప్పుకున్నాడు. ఆ మూలకి తీసుకురా."

ఎందుకని అడగలేదు. తిప్పాను. లిఫ్టు గోడ వెనక్కి పోయాక హుక్కు నాకు కనపడలేదు. వదిన ఊపిరి వినపడుతోంది. బెల్టు తగిలించావా అని అడిగాను. రెండూ తగిలించానంది, విసుక్కోకుండా. అంచుకి దూరంగా నిలబడి పొడుగు కర్రతో హుక్కుని దగ్గరకి లాక్కున్నట్టుంది, గొలుసు కదిలిన చప్పుడు వచ్చింది. అన్న గ్లవు దానికి తొడిగానని చెప్పింది. మళ్ళీ అంచు అవతలికి వదిలానంది. ఇప్పుడు ఆ రోజు ఆగిన చోటే ఉందంది.

గాలి లేదు. కిటికీలోంచి ఏమీ వినపడలేదు. నేను లివరు మీద చెయ్యి వేసి కూర్చున్నాను.

"దించు బుడ్డీ," అంది వదిన.

నన్ను ఆ పేరుతో ఎప్పుడూ పిలవలేదు.

"దించు. దించు. నెమ్మదిగా. ఇంకో మూరెడు. దించు బుడ్డీ, దించు. ఇంకో జానెడు."

కళ్ళు కనపడటం లేదు నాకు. ఎటూ కనపడని మూలే కదా. వదిన గొంతులోంచి వస్తోందో, వెనక నుంచి వస్తోందో, రెండూ ఒకటే అయిపోయాయి. చెయ్యి మాత్రం ఆ మాట ఎంత దిగితే అంతే దిగింది. ఇంత నెమ్మదిగా ఏ లోడూ దించలేదు నేను.

వదిన చిన్నగా ఊపిరి పీల్చింది.

"చాలు. కాలు అందింది."

మాట ఆగింది. చెయ్యి ఆపాను.